తోక చక్రం గొలుసు ఎంత టైట్ ఉండాలె? (పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

పోయిన నెల ఈ పేజీల పుష్పక్ విమానం పాత ఫొటో ఒకటి వేసి కింద నాలుగు ముక్కలు రాసినం, 1958ల హెచ్‌ఏఎల్ వాళ్లు మొదటిసారి ఎగిరేసిన రెండు సీట్ల విమానం, మన ఫ్లయింగ్ క్లబ్బులల్ల ఎంతోమంది దాని మీదనే నేర్చుకున్నరు అని. రెక్కల గురించో ఇంజన్ గురించో అడుగుతరు అనుకుంటే అందరి కన్ను తోక కింద ఉన్న ఆ బుడ్డ చక్రం మీదనే పడ్డది. నల్లగొండ, పాలమూరు దిక్కు నుంచే ఎక్కువ ఉత్తరాలు, కొన్ని ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజనీర్) కోర్సు చదివే పిల్లలవి, కొన్ని పనిల ఉన్నోళ్లవి, ఒకటి ఆర్‌సీ మోడల్, అంటే రిమోట్‌తోటి నడిచే బుడ్డ విమానం ఎగిరేసే తమ్ముడిది. ఒకాయన మాత్రం ఊరికే తెలుసుకుందామని అడిగిండు, ఆయనదే ముందు పెడుతున్న, అది అర్థమైతేనే మిగిలినయి అర్థమైతయి.

సార్, కొన్ని చిన్న విమానాలకు ముక్కు కింద చక్రం ఉంటది, కొన్నిటికి తోక కింద ఉంటది. తోక చక్రం విమానాన్ని నేల మీద నడుపుడు కష్టం అంటరు, ఎందుకు? అంత చిన్న చక్రానికి స్టీరింగ్ ఎట్ల పెట్టిండ్రు?
— రైస్ మిల్లు ఉద్యోగి, మిర్యాలగూడ

కష్టమే అన్నా, కానీ భయపడేటంత కాదు. విమానం బరువంతా ఏ బిందువు దగ్గర నిలబడ్డది అన్నదే అసలు సంగతి. ముక్కు చక్రం విమానంల ఆ బిందువు రెండు పెద్ద చక్రాలకు ముంగట ఉంటది, అందుకని విమానం జర పక్కకు పోయినా ఆ బరువే దాన్ని మల్ల సీదా గుంజుతది. తోక చక్రం విమానంల అది పెద్ద చక్రాలకు ఎనుక ఉంటది. ట్రాక్టర్‌కు ట్రాలీ తగిలించి రివర్స్ కొట్టేటోళ్లను మీరు మిల్లుల రోజూ చూస్తనే ఉంటరు, ట్రాలీ ఒక్కసారి వంకర పట్టిందంటే దానంతట అది సీదా కాదు, ఇంకింత వంకర పోతది, డ్రైవర్ వెంటనే సరిచేయాలె, ఇక్కడ గూడ అదే కత. సరిచేయకపోతే తోక ముందుకొచ్చి విమానం గిర్రున తిరిగిపోతది, దాన్ని గ్రౌండ్ లూప్ అంటరు, రెక్క కొస నేలకు గీసుకుంటది, ల్యాండింగ్ గేర్ కాలు వంగుతది, ప్రొపెల్లర్ నేలకు తాకిందంటే ఇంజన్ గూడ విప్పి చూడాల్సి వస్తది.

ఇగ స్టీరింగ్. చక్రానికి విడిగా ఏమీ ఉండదు. పైలట్ కాళ్ల దగ్గర ఉండే పెడళ్ల నుంచి కేబుళ్లు ఎనుకకు పోయి రడ్డర్‌ను తిప్పుతయి, అంటే తోక మీద నిలువుగ ఉండే రెక్కను. ఆ రడ్డర్ అడుగున రెండు పక్కల హారన్ అని చిన్న ఇనుప చేతులుంటయి, అక్కడి నుంచి రెండు గొలుసులు కిందికి దిగి, నడ్మ ఒక్కొక్క స్ప్రింగు పెట్టుకొని, చక్రం మీద ఉండే స్టీరింగ్ ఆర్మ్‌కు తగులుతయి. రడ్డర్ ఎటు తిరిగితే చక్రం అటే తిరుగుతది. స్ప్రింగు ఎందుకంటే, చక్రం గుంతలనో రాయి మీదనో పడ్డప్పుడు ఆ దెబ్బ సీదా రడ్డర్‌కు, పైలట్ కాళ్లకు రావొద్దు. ఇంకో కారణం గూడ ఉన్నది, పక్కగాలిల దిగేటప్పుడు పైలట్ రడ్డర్ ఒక దిక్కుకు తొక్కి పట్టుకొని దిగుతడు, అప్పుడు తోక చక్రం గూడ వంకర తిరిగే నేలను తాకుతది, నడ్మ స్ప్రింగు మెత్తదనం లేకపోతే తాకంగనే విమానం ఆ దిక్కుకు ఉరుకుతది.

చాలా చిన్న విమానాలల్ల ఈ చక్రం ఒక హద్దు దాకనే పెడల్ మాట వింటది, ఆ హద్దు దాటితే లోపల ఉన్న పాల్ అనే చిన్న ఉక్కు నాలుక గాడిల నుంచి బయటకు జారి చక్రం చుట్టూర ఫ్రీగ తిరుగుతది, హ్యాంగర్ ముంగట ఇరుకు జాగల విమానాన్ని మలపాలంటే అది కావాలె. పెద్ద విమానాలల్ల పద్ధతి వేరే, డకోటా అనే పాత రెండింజన్ల విమానంల తోక చక్రానికి అసలు స్టీరింగే లేదు, రన్‌వే మీద సీదా నిలబెట్టినంక కాక్‌పిట్ నుంచి తోక చక్రాన్ని లాక్ చేస్తరు, తిప్పుడు బ్రేకులతోటి, ఇంజన్లతోటి. అది వేరే ముచ్చట, మనం చిన్న విమానం దగ్గరనే ఉందాం.

సార్, నేను ఏఎంఈ కోర్సు చేస్తున్న, ట్రైనీగా ఒక స్ట్రిప్‌కు (చిన్న రన్‌వే ఉన్న జాగకు) పోతున్న. అక్కడ రెండు సీట్ల టెయిల్‌వీల్ విమానం ఉన్నది. పెడల్ తొక్కినంక చక్రం లేటుగా తిరుగుతున్నదని పైలట్ అంటున్నడు. ఒక సీనియర్ గొలుసుల నుంచి రెండు లింకులు తీసేయ్ అన్నడు, ఇంకో సీనియర్ అది లూజుగనే ఉండాలె, ముట్టకు అన్నడు. ఎవరి మాట వినాలె?
— విద్యార్థి, నకిరేకల్

ముందు మాన్యువల్ మాట విను తమ్ముడు, ఆ విమానానికి, ఆ తోక చక్రానికి కంపెనీ ఇచ్చిన కొలత ఉంటే నేను చెప్పేది, సీనియర్లు చెప్పేది అన్ని దాని తర్వాతనే. అయినా నువ్వు అడిగిన దాంట్ల ఇద్దరు సీనియర్లు గొలుసు గురించే మాట్లాడిండ్రు, చక్రం దిక్కు ఎవరూ చూడలె, నాకు అదే నచ్చలె. లేటుగా తిరుగుతున్నదంటే నడ్మ ఎక్కడనో ఆట ఉన్నది, ఆ ఆట గొలుసులనే ఉన్నదని ఎవరు చెప్పిండ్రు? గొలుసు బిగిస్తే కొన్ని రోజులు బాగనే అనిపిస్తది, ఎందుకంటే లోపలి అరుగుడును బిగువు దాచిపెడతది, అరిగేది అరుగుతనే ఉంటది.

కాబట్టి కిందికెళ్లి పైకి రా. ఇద్దరు మనుషులుండాలె, పెద్ద చక్రాలకు ముంగట ఎనుక చాక్స్ (అడ్డు దిమ్మెలు) పెట్టి, మ్యాగ్నెటో స్విచ్, అంటే ఇంజన్‌కు నిప్పురవ్వ ఇచ్చే దాని స్విచ్, ఆఫ్‌ల ఉన్నదో లేదో చూసి, తోకను లేపి మెత్త వేసిన స్టాండ్ మీద పెట్టండ్రి. లేపేటప్పుడు మాన్యువల్ చూపిన జాగల, లేకపోతే తోక దగ్గర హ్యాండిల్ ఉంటే అక్కడ పట్టాలె, అడ్డ రెక్కను, అంటే స్టెబిలైజర్‌ను పట్టి మాత్రం లేపొద్దు, అందరికీ చేతికి అందేది అదే గనుక అదే పడతరు, లోపల రిబ్బులు వంగుతయి. మరీ ఎత్తుకు గూడ లేపొద్దు, ముక్కు మీద పడే విమానం ఇది.

ఇప్పుడు ఒకరు రడ్డర్‌ను న్యూట్రల్‌ల, అంటే ఎటూ తిరగకుండ నడ్మల, గట్టిగ పట్టుకోవాలె, ఇంకొకరు చక్రాన్ని చేత్తోటి పట్టుకొని ముందు కిందికి మీదికి ఊపాలె. టక్ టక్‌మని కదిలిందంటే ఆక్సిల్ బేరింగులల్లనో, పైన నిలువు పిన్ను తిరిగే బుషింగుల్లనో ఆట ఉన్నది. ఏది అన్నది తెల్వాలంటే ఒక వేలు ఫోర్కుకు, పైన బాడీకి నడ్మ సందు మీద ఆనించి మల్ల ఊపు, కదిలేది వేలికే తెలుస్తది, కంటికి కనపడదు. తర్వాత చక్రాన్ని ఎడమకు కుడికి మెల్లగ తిప్పి చూడు. స్టీరింగ్ ఆర్మ్ కదలకుండ చక్రం ఒక్కటే అటిటు కదులుతున్నదంటే ఇగ గొలుసు ముచ్చట వదిలెయ్, పాల్ అరిగింది, లేకపోతే అది కూసునే గాడి అరిగింది.

చక్రాన్ని ఇంకింత తిప్పితే ఒక జాగల పాల్ విడిపోయి ఫ్రీ అయితది, అది ఎడమకు ఎంత కోణంల విడిపోతున్నదో కుడికి గూడ దాదాపు అంతే కోణంల విడిపోవాలె, మల్ల సీదాకు తెస్తే టక్కుమని దానంతట అది గాడిల కూసోవాలె. ఒక దిక్కు తొందరగ విడిపోతున్నదంటే ఆ దిక్కు అంచు గుండ్రంగ అరిగినట్టు. విప్పి తుడిచినంక ఆ అంచు మీద గోరు పెట్టి గీకి చూడు, బాగున్న అంచుకు గోరు తట్టుకుంటది, అరిగిన దాని మీద జారిపోతది, వెలుతురుకు పట్టుకుంటే అరిగిన జాగ సన్నగ మెరుస్తది గూడ. ఇట్లాంటి పాల్‌ను ఫైలు పెట్టి అంచు తీసి మల్ల వేసేటోళ్లున్నరు, ఆ పని చేయొద్దు, గట్టిదనం పైపొరలనే ఉంటది, గీకితే అది పోతది, ఇంకింత జల్ది అరుగుతది. అంచు పోయిన పాల్ తోటి పక్కగాలిల ఎవరన్న దిగిండ్రనుకో, సరిగ్గ స్టీరింగ్ కావాల్సిన క్షణంలనే చక్రం విడిపోతది.

ఇవన్ని బాగున్నయా, అప్పుడు గొలుసు దగ్గరికి రా. తోక కిందికి దించండ్రి, విమానం మామూలుగ తన బరువు మీద నిలబడాలె, గొలుసు కొలత అప్పుడే తీసుకోవాలె. విమానాన్ని సీదాగ నాలుగు అడుగులు ముందుకు నెట్టు, చక్రం దానంతట అది సీదా అయితది, రడ్డర్‌ను న్యూట్రల్‌ల బిగించి పెట్టు. ఇప్పుడు చూస్తే గొలుసుల వేలాడే లూజు పోయి ఉండాలె, స్ప్రింగు మాత్రం సాగి ఉండొద్దు. చాలా చిన్న విమానాలకు సరిపోయే మాట ఇదే. కొందరు మేస్త్రీలు సన్నంగ వేలాడనిస్తరు, అది గూడ తప్పేం కాదు, పెడల్‌కు కొంచెం ఆలస్యం తెలుస్తది గంతే. స్ప్రింగు సాగేటట్టు బిగించుడు మాత్రం వద్దు, హారన్ బోల్టుల తొర్రలు కోలగ అయితయి, రడ్డర్ హింజులు అరుగుతయి, రెండు దిక్కుల బిగువు సమానం లేకపోతే గాలిల గూడ రడ్డర్ ఒక దిక్కుకే గుంజుతది, పైలటేమో ట్రిమ్ సరిగ లేదని ఇంకెక్కడనో ఎతుకుతడు.

ఒక ముచ్చట చాలామందికి తెల్వది. రెండు స్ప్రింగులు ఒక్క తీరు ఉండాలని లేదు. షిమ్మీ, అంటే నేల మీద ఉరికేటప్పుడు చక్రం గజగజ వణుకుడు, తగ్గడానికి కావాల్నని ఒకటి గట్టిది, ఒకటి మెత్తది వేసే సెట్లు ఉన్నయి, వాటి పొడుగు గూడ వేరే ఉండొచ్చు. అప్పుడు లింకులు లెక్కపెట్టి రెండు దిక్కుల సమానం చేసినవంటే చక్రం వంకర కూసుంటది. లింకుల లెక్క కాదు, రడ్డర్ న్యూట్రల్‌ల ఉన్నప్పుడు చక్రం సీదా ఉన్నదా, అదొక్కటే చూడు.

అయిపోయిందని పానాలు సర్దేసుకోకు, తోకను మల్ల ఒక్కసారి లేపాలె. బరువు తీసేస్తే పట్టీ స్ప్రింగు, అంటే తోక చక్రాన్ని మోసే కమాన్ పట్టీ, కిందికి సాగుతది, గొలుసు లెక్క మారిపోతది, నేల మీద సరిగ్గ ఉన్న గొలుసు గాలిల బిగుసుకపోవచ్చు. తోక లేపి ఉన్నప్పుడు రడ్డర్‌ను రెండు దిక్కుల చివరిదాక తిప్పి చూడు, అది తన స్టాప్‌కు తగిలి ఆగాలె, గొలుసు గుంజి ఆపొద్దు. గొలుసు ఎక్కడన్న హారన్ మీద ఎక్కి పడుతున్నదా, కొక్కెం తిరగబడి ఇరుక్కుంటున్నదా చూడు. రడ్డర్ ఇరుక్కున్న విమానంల కూసునేది నువ్వు కాదు, ఇంకొకరు. చివరికి సేఫ్టీ వైరు, కాటర్ పిన్నులు, లాగ్‌బుక్కుల ఎంట్రీ. ఆ సంతకం లైసెన్స్ ఉన్న ఏఎంఈదే ఉండాలె, నువ్వు ట్రైనీవి కాబట్టి పని నేర్చుకో, చేతులు నల్లగ చేసుకో, విమానాన్ని సర్వీసుకు వదిలే అధికారం నీకు ఇంకా రాలె, సీనియర్ తొందర పెట్టినా సరే.

ల్యాండ్ అయినంక స్పీడు తగ్గేటప్పుడు తోక గజగజ వణుకుతున్నది, పెడళ్లు కాళ్ల కింద కొట్టుకుంటున్నయి. కొత్త స్ప్రింగులు వేసినం, గొలుసు బిగించినం, టైరు గూడ మార్చినం. రెండు మూడు సార్లు తగ్గినట్టే తగ్గి మల్ల మొదలైతున్నది.
— టెక్నీషియన్, నల్లగొండ

దీన్నే షిమ్మీ అంటరని మీకు తెలుసు. మీరు మార్చినవన్ని పైపైనయి, నాకు మీరు రాయని దాని మీదనే అనుమానం, పట్టీ స్ప్రింగు.

తోక చక్రం ఒక నిలువు పిన్ను మీద తిరుగుతది, చక్రం ఆ పిన్నుకు ఎనుక ఉండి ఈడ్చుకపోతది కాబట్టే దానంతట అది సీదా అయితది. విమానం తన మామూలు బరువుతోటి నిలబడ్డప్పుడు పక్కకెళ్లి చూస్తే ఆ పిన్ను నిలువుగ ఉండాలె, పై కొస జర తోక దిక్కు వాలి ఉన్నా మంచిదే. ముక్కు దిక్కు వాలిందంటే మాత్రం చక్రం నేలకు ఆనే జాగకు, పిన్ను గీత నేలను తాకే జాగకు నడ్మ దూరం తగ్గిపోతది, ఆ దూరమే చక్రాన్ని సీదా ఉంచేది. ఇప్పుడు పట్టీలు ఏం చేస్తయంటే, ఏండ్ల కొద్ది బరువు మోసి, గట్టి ల్యాండింగులు తిని, వంపు పోయి సాపుగ అయితయి, పట్టీ ఎనుక కొస మీదికి లేస్తది, దానికి బిగించిన చక్రం తల గూడ దాంతోటే తిరిగి పిన్ను పై కొస ముంగటికి వాలుతది. ఇంక మీరు ఎన్ని స్ప్రింగులు మార్చినా లాభమేంది?

చూసుడు అలకనే. సాపు నేల మీద విమానాన్ని నిలబెట్టండ్రి, ఇంధనం, లోపల మనుషులు మామూలుగ ఎంత ఉంటరో అంత బరువు పెట్టండ్రి, ఖాళీ విమానాన్ని చూసి బాగున్నదనుకుంటే మోసపోతరు. ఒక దారానికి నట్టు కట్టి పిన్ను పక్క పొంటి వేలాడదీస్తే వాలు ఎటున్నదో కనపడుతది. ఫోన్ల యాంగిల్ చూపే యాప్ గూడ పనికొస్తది, కానీ ఫోన్ ఆనించే జాగ సాపుగ ఉండాలె, పోతపోసిన బాడీ మీద సాపు జాగ దొరుకుడు కష్టం, నాకైతే దారమే నచ్చుతది.

వాలు ముంగటికి ఉంటే పట్టీలు మార్చాలె, లేకపోతే పట్టీకి మల్ల వంపు పట్టించే ఆమోదం ఉన్న షాపుల చేయించాలె. దారిల లారీ కమాన్లు కొట్టే దుకాణం కనపడ్డది గదా అని అక్కడ ఇయ్యకుండ్రి, ఆయన పనిమంతుడే, కానీ ఏ వేడికి, ఎట్ల చల్లార్చాలె అన్న లెక్క విమానం పట్టీకి వేరే, పైంగ కాగితం రాదు. కొందరు పట్టీ కింద వాలు వాషర్ పెట్టి కోణం సరిచేస్తరు, ఆ విమానానికి అట్లాంటి పద్ధతి ఆమోదం ఉంటేనే. పట్టీలు విప్పినప్పుడు ముందు బోల్టు దగ్గర పట్టీని మీద కింద తుడిచి మంచిగ చూడండ్రి, పగుళ్లు అక్కడనే మొదలైతయి, తుప్పు గుంతల నుంచి. ఆ బోల్టులు గూడ సాగుతయి, పాతయే మల్ల వేయకుండ్రి, వాటి ఖరీదు ఎంత?

కోణం బాగనే ఉన్నదంటే అప్పుడు నకిరేకల్ తమ్ముడికి చెప్పినట్టు బుషింగులు, ఆక్సిల్, పాల్ చూసుకోండ్రి. టైరుల గాలి గూడ, మన దగ్గర మే నెలల మధ్యాహ్నం రన్‌వే మీద నిలబడ్డ విమానం టైరు గాలి కొలిస్తే ఎక్కువ చూపుతది, అది చూసి గాలి తీసేస్తరు, తెల్లారేసరికి తక్కువైతది, షిమ్మీ మొదలైతది. పొద్దుగాల ఎండ రాకముందే కొలవాలె. స్కాట్ 3200 రకం చక్రానికి వచ్చే 2.80/2.50-4 సైజు టైరు బుడ్డది, లోపల గాలి తక్కువ, కొంచెం తగ్గినా తేడా జల్ది తెలుస్తది. వాడకం తక్కువున్న స్ట్రిప్‌ల మీద సర్కార్ తుమ్మ ముండ్లు, పల్లేరు కాయలు టైరుల దిగి మెల్లమెల్లగ గాలి పోతది, రోజూ గాలి కొడుతున్నమంటే ముల్లు కోసం ఎతుకాలె గని పంపు కోసం కాదు.

మా దగ్గర అంతా ఎర్ర చెలక, దుమ్ము ఎక్కువ. తోక చక్రానికి గ్రీసు ఎన్నాళ్లకోసారి కొట్టాలె? ఎక్కువ కొడితే దుమ్ము పట్టుకుంటది గదా అని తక్కువ కొడుతున్నం.
— హెల్పర్, నాగర్‌కర్నూల్

తక్కువ కొట్టుడు తప్పు. గ్రీసు బయట ఉంటే దుమ్ము పట్టుకుంటది, లోపల ఉంటే దుమ్మును లోపలికి రానియ్యదు, రెండూ ఒకటి కాదు. గ్రీసు నిపుల్‌ను ముందు గుడ్డతోటి శుభ్రంగ తుడువు, తుడవకుండ గన్ను పెట్టినవంటే నిపుల్ మూతి మీది ఇసుకనే నువ్వు లోపలికి నెడుతున్నవు. తర్వాత మెల్లగ కొట్టు, పాత గ్రీసు అంచుల నుంచి బయటకు రావాలె, ముందు ఎర్రగ, గరుకుగ వస్తది, రంగు మారి కొత్త గ్రీసు వచ్చేదాక కొట్టి ఆపు. బయటకొచ్చిందంతా తుడిచేయాలె, అక్కడనే అందరు బద్ధకం చేస్తరు. గన్నును బలంగ గుంజి కొట్టొద్దు, కొన్ని చక్రాలకు పైన డస్ట్ క్యాప్ ఉంటది, ఒత్తిడికి అది ఊడిపోతది.

ఎన్నాళ్లకు అంటే మాన్యువల్‌ల గంటలు రాసి ఉంటయి, కానీ ఆ గంటలు తారు రన్‌వే మీద తిరిగే విమానానికి, మీరు మట్టి మీద తిప్పుతున్నరు, అంతకన్న ముందుగాలనే కొట్టాలె. వాన పడ్డంక, విమానాన్ని కడిగినంక తప్పనిసరి. ప్రెషర్ వాషర్ పైపు తోక చక్రం మీద మాత్రం పట్టకు, గ్రీసు పోయి నీళ్లు లోపల కూసుంటయి.

గ్రీసు కొట్టినా చక్రం సీదాకు వచ్చినంక పాల్ గాడిల పడుతలేదంటే, మీ చెలక మట్టి, పాత గ్రీసు కలిసి లోపల గట్టి ముద్ద అయ్యి పాల్ స్ప్రింగును కదలనిస్తలేదు. అప్పుడు ఇంకింత గ్రీసు కొట్టుడు పని చేయదు, విప్పి, సాల్వెంట్‌ల కడిగి, ఆరబెట్టి, చూసి, మల్ల కూర్చాలె. విప్పేటప్పుడు ఏ వాషర్ ఏ వరుసల ఉన్నదో ఫోన్ల ఫొటోలు తీసుకో, లోపల సన్నని వాషర్లు ఒక దాని మీద ఒకటి ఉంటయి, ఒక్కటి తారుమారైనా చక్రం బిగుసుకపోతది, లేకపోతే మరీ లూజు అయితది. గ్రీసు గూడ మాన్యువల్ చెప్పిందే, ట్రాక్టర్‌కు కొట్టే డబ్బా పక్కనే ఉన్నది గదా అని అదే కొట్టకు.

సార్, నాకు పైలట్ కావాలని ఉన్నది. నేను చూసిన ట్రైనింగ్ స్కూళ్లల్ల అన్ని ముక్కు చక్రం విమానాలే. ఇంకా టెయిల్‌వీల్ నేర్చుకునుడు దండగనా?
— డిగ్రీ విద్యార్థిని, మహబూబ్‌నగర్

లైసెన్స్ కోసమైతే దానికి అవసరం పడదు చెల్లె, స్కూల్ల ఏ విమానం ఉంటే దాని మీదనే నేర్చుకో, పైసలు ఊరికే రావు. సెస్నా వాళ్లు 170 అనే తోక చక్రం విమానానికే ముక్కు చక్రం పెట్టి 172 చేసిండ్రు, 1955ల ఎగిరింది, నేల మీద నడుపుడు సులువైంది, ప్రపంచమంతా అదే కొన్నది, ట్రైనింగ్ అటే పోయింది. అయితే ఎక్స్‌ట్రా 300 లాంటి ఎయిరోబాటిక్ విమానాలకు, మట్టి స్ట్రిప్‌ల మీద దిగే చాలా విమానాలకు ఇప్పటికీ తోక చక్రమే, ముక్కు చక్రం బరువు, గాలి అడ్డం రెండూ తప్పుతయి, ప్రొపెల్లర్ గూడ నేలకు దూరంగ ఉంటది. లైసెన్స్ వచ్చినంక ఎప్పుడన్న అవకాశం దొరికితే కొన్ని గంటలు చెయ్, కాళ్లు బద్ధకం వదులుతయి. ముక్కు చక్రం మీద నేర్చుకున్న చాలామంది ల్యాండ్ కాంగనే కాళ్లు వదిలేస్తరు, దీంట్ల ఇంజన్ ఆపి చాక్స్ పెట్టేదాక కాళ్లు పనిల ఉండాలె.

అన్నా, నేను ఆర్‌సీ విమానాలు ఎగిరేస్త, టెయిల్‌వీల్ మోడల్. కోత అయిపోయిన పొలంల టేకాఫ్ చేస్తుంటే థ్రాటిల్ ఇయ్యంగనే ఎడమకు గుంజుకపోయి పల్టీ కొడుతున్నది. రడ్డర్‌ను తిప్పే సర్వో (చిన్న మోటారు) లోపలి గేర్ పండ్లు గూడ ఊరికే ఇరుగుతున్నయి.
— దేవరకొండ

సర్వో ముచ్చట ముందు. నీ తోక చక్రం కమ్మి సీదా రడ్డర్‌ల గుచ్చి ఉన్నట్టున్నది, గడ్డ తగిలిన ప్రతిసారి దెబ్బ పోయి సర్వో పండ్ల మీద పడుతది. పెద్ద విమానంల గొలుసు నడ్మ స్ప్రింగు ఎందుకు పెడతరో నీకు గూడ అందుకే కావాలె. చక్రానికి విడిగ చిన్న టిల్లర్ (చక్రాన్ని తిప్పే అడ్డ కమ్మి) పెట్టి రడ్డర్ నుంచి రెండు పక్కల సన్న స్ప్రింగులు తగిలించు, బాల్ పెన్నులల్ల వచ్చే స్ప్రింగు గూడ చిన్న మోడల్‌కు నడుస్తది. బిగువుగ కాదు, లూజు పోయేటంత. చక్రం తిరిగేది గూడ తక్కువ పెట్టుకో, నేల మీద తోక చక్రం ఎక్కువ తిరిగితే నువ్వు సరిచేసే ప్రతిసారి అది అటిటు ఊగుతది.

ఎడమకు గుంజుడు నీ విమానం రోగం కాదు, ప్రొపెల్లర్ ఎనుక నుంచి చూస్తే కుడికి తిరుగుతది, దాని గాలి సుడి తిరుగుకుంట వచ్చి తోకను కొడుతది, తోక కిందికి ఉన్నంతసేపు ప్రొపెల్లర్ కుడి దిక్కు బ్లేడు ఎక్కువ లాగుతది, అన్ని కలిసి ముక్కును ఎడమకు నెడతయి. థ్రాటిల్ ఒక్కసారే పూర్తిగ ఇయ్యకు, మెల్లగ పెంచుకుంట కుడి రడ్డర్ ముందే జర పట్టుకో. మొదట ఎలివేటర్ (తోక అడ్డ రెక్కకు ఎనుక కదిలే భాగం) స్టిక్ కొంచెం ఎనుకకు గుంజి పెట్టు, తోక నేలకు ఆని చక్రం పట్టు దొరుకుతది, స్పీడు వచ్చినంక వదులు, అప్పటికి రడ్డర్ మీద గాలి సరిపోను ఉంటది.

ముంగటి రెండు చక్రాలు ఒక్కసారి పై నుంచి చూడు, ముందు అంచులు బయటికి తెరుచుకొని ఉంటే సీదా ఎప్పటికీ పోదు, ల్యాండింగ్ కమ్మి వంచి ఒక్క పిసరంత లోపలికి తిప్పు. ఇవన్ని చేసేటప్పుడు బ్యాటరీ పీకెయ్, లేకపోతే ప్రొపెల్లర్ విప్పి పక్కన పెట్టు, రడ్డర్ చూద్దామని ఆన్ చేసి తోక దిక్కు వంగినప్పుడే రేడియో స్టిక్‌కు మోచెయ్యి తాకుతది. వరి కొయ్యల మధ్యల కాకుండ గట్టు పక్క పొంటి సాపు నేల ఒక ఇరవై అడుగులు చూసుకొని ముందు అక్కడ ట్యాక్సీ, అంటే నేల మీద నడుపుడు, నేర్చుకో, అటు కొస దాక పోయి తిరిగి సీదా వచ్చేటట్టు చేతికి వచ్చినంకనే టేకాఫ్.